సేజ్, వాము ఆకు, మరువం: నెల్లూరు మిద్దె మీద ఏది మేలు?

ఇటాలియన్ వంటల వీడియోలు చూసి ఈమధ్య చాలామంది అడుగుతున్నారు, ఆ వంటల్లో వేసే సేజ్ అనే వాసన ఆకు మన దగ్గర పెరుగుతుందా అని. పెరుగుతుంది. కానీ నెల్లూరు, కావలి, ఒంగోలు లాంటి తీరం ఊళ్లలో ఏడాది పొడుగునా నిలవడం కష్టం. మిద్దె మీద ఒక్క కుండీకే చోటుంటే వాము ఆకు నాటండి. ఇంకో కుండీ పెట్టగలిగితే మరువం. ఆ రెండూ ఉన్నాక, చలికాలం పంటగా సేజ్ వేసుకోండి.

సేజ్ మధ్యధరా సముద్రం చుట్టుపక్కల రాతి నేలల్లో పుట్టిన మొక్క. తులసి, పుదీనా, మరువం, వాము ఆకు అన్నీ దాని చుట్టాలే, ఒకే కుటుంబం. దాని సొంత గడ్డ మీద వేసవి పొడిగా ఉంటుంది, వానలు చలికాలంలో పడతాయి. మనకు వర్షాకాలమంటేనే అక్టోబరు, నవంబరు. నెల్లూరు జిల్లాలో ఏడాది మొత్తం కురిసే వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాలదే. 2015 నవంబరు, 2021 నవంబరు వానలు ఇక్కడివాళ్లకు గుర్తు చేయనక్కర్లేదు. 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి ముసురులో రోజుల తరబడి తడిసిన కుండీలో సేజ్ వేరు కుళ్లిపోతుంది. వేరు కుళ్లిన మొక్క ఆకులు వేలాడేస్తుంది. నీళ్లు చాలలేదనుకుని ఇంకో చెంబు పోస్తే ఇక అంతే. వేసవిలో ఉక్కపోత ఇంకో బాధ. నూగు ఆకుల మధ్య గాలి ఆడక బూజు పడుతుంది.

అందుకని సేజ్‌కి మన దగ్గర పనికొచ్చే కాలం డిసెంబరు మూడో వారం నుంచి మార్చి చివరిదాకా. విత్తనం మొలవడానికే రెండు మూడు వారాలు పడుతుంది, ఆ తర్వాత మొక్క మెల్లగా సాగుతుంది. కాబట్టి నర్సరీలో ఎదిగిన మొక్క కొనుక్కోవడమే మేలు. కొనేటప్పుడు ఒక జాగ్రత్త. సేజ్‌ని దాని శాస్త్రీయ నామంలోని సాల్వియా పేరుతో అడిగితే చాలా చోట్ల ఎర్రపూల అలంకారపు మొక్క చేతిలో పెడతారు. అది వంటకు పనికిరాదు. ఆకు నలిపి చూడండి, కర్పూరం కలిసిన ఘాటు వాసన వస్తేనే తీసుకోండి. మట్టి కుండీలో సగం ఎర్రమట్టి, పావు వంతు గరుకు ఇసుక, పావు వంతు బాగా చివికిన పశువుల ఎరువు. ఒంగోలు వైపు నల్లరేగడి మాత్రం వద్దు, అది నీళ్లు పట్టి ఉంచుతుంది. వేలు రెండు కణుపుల లోతు దించి చూసి, పొడిగా తగిలితేనే నీళ్లు పోయండి.

వాము ఆకుకి ఇంత హంగామా లేదు. పక్కింటి నుంచి జానెడు కొమ్మ తెచ్చి గుచ్చితే బతుకుతుంది. నీడ ఉన్నా సరే, ఎండ ఉన్నా సరే. దానికీ నీళ్లు నిలవకూడదు కానీ, ఒక కొమ్మ కుళ్లితే ఇంకో కొమ్మ గుచ్చుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు.

ఇక వంట. అసలు తేడా ఇక్కడ తెలుస్తుంది. సేజ్ ఆకు పలచన, నీరు తక్కువ. కాగిన నెయ్యిలో వేస్తే చిటపటమని పదిహేను, ఇరవై సెకన్లలో కరకరలాడుతుంది. రంగు మారకముందే తీసి ఉప్పు చల్లాలి. ఆకు కంటే ఆ నెయ్యి ఇంకా గొప్పది, వాసనంతా అందులోకి దిగుతుంది. ఇటలీలో సేజ్‌ని గుమ్మడికాయతో, తెల్ల చిక్కుళ్లతో, కార్జంతో వండుతారు. ఈ మూడూ మన వంటింటికి సులువుగా వస్తాయి. మెత్తగా మగ్గిన గుమ్మడికాయ కూర మీద సేజ్ నెయ్యి పోయండి. ఉడికిన అలసందలకు వెల్లుల్లి, సేజ్ తాలింపు పెట్టండి. మేక కార్జం వేపుడులో దించేముందు నాలుగాకులు వేస్తే కార్జం నీచు వాసన అణుగుతుంది. చేపల పులుసు జోలికి మాత్రం తీసుకెళ్లకండి. చింతపండు, మామిడికాయ ముక్కలు, మెంతులు ఉన్న నెల్లూరు పులుసులో కర్పూరపు ఘాటుకి చోటు లేదు.

వాము ఆకు మందంగా, నీరు నిండి ఉంటుంది. దాన్ని ఉత్త నెయ్యిలో వేస్తే వాడిపోతుందే తప్ప కరకరలాడదు. శనగపిండిలో ముంచి బజ్జీ వేస్తేనే దాని అందం, పైన కరకర, లోపల రసం. లేదా చుక్క నూనెలో మగ్గబెట్టి, వేయించిన మినపప్పు, ఎండుమిర్చి, చింతపండుతో నూరి పచ్చడి చేసుకోవాలి. చల్లారాక పెరుగులో కలిపినా బాగుంటుంది. రోజూ చేసుకునే వంటలో ఇలా కలిసిపోయే ఆకు కాబట్టే దానికి మొదటి చోటిచ్చాను. సేజ్ వాడే చోట వాము ఆకు వేయొచ్చా అంటే కూడదు, దాని వాసన పూర్తిగా వాము వైపు లాగుతుంది.

ఆ పని మరువం చేస్తుంది. మనం దాన్ని కనకాంబరాల మాలలోకే పరిమితం చేశాం కానీ, యూరప్ వంటిళ్లలో అది మాంసానికీ చిక్కుళ్లకీ వేసే ఆకు. సేజ్ కంటే మెత్తని, తీయని వాసన. ఎండుతుందేమోనన్న టెన్షన్ లేకుండా పూల అంగట్లో కూడా కట్ట దొరుకుతుంది. కాకపోతే పూల కోసం పెంచిన తోటల్లో మందులు కొట్టి ఉండొచ్చు, వంటకు మాత్రం ఇంట్లో పెంచిందే వాడండి. అలసందల తాలింపులో చివర్న ఒక రెమ్మ దూసి వేసి చూడండి.

ఎండబెట్టడంలో మాత్రం సేజ్‌దే పైచేయి. ఫిబ్రవరి, మార్చిలో కొమ్మలు కోసి నీడలో గాలికి వేలాడదీస్తే వారంలో ఎండిపోతుంది. గాజు సీసాలో పెట్టుకుంటే మొక్క వేసవికి పోయినా వానాకాలం దాకా వాడుకోవచ్చు. ఎండింది ఘాటెక్కువ, పచ్చి ఆకు మూడు చెంచాలు వేసే చోట ఒక్క చెంచా చాలు. సేజ్‌లో థుజోన్ అనే పదార్థం ఉంటుంది. కూరలో నాలుగాకులకు భయపడనక్కర్లేదు, కానీ గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్లు దాన్ని రోజూ టీ కాచుకుని తాగకూడదు, దాని నూనె అసలే ముట్టకూడదు.

గిద్దలూరు, మార్కాపురం వైపు ఉన్నవాళ్లకు నా వరస కొంచెం మారుతుంది. అక్కడ వాన తక్కువ, గాలిలో తేమ తక్కువ. ఏప్రిల్, మే మధ్యాహ్నాలు గోడ నీడలోకి జరిపే ఓపిక ఉంటే సేజ్‌ని రెండో కుండీలోనే పెట్టుకోండి.