లైసెన్స్ పీకేయాలా, ఇన్సూరెన్స్‌తో బిగించాలా: ఏది మేలు?

హన్మకొండ చౌరస్తాలో రాంగ్ రూట్‌లో దొరికినవాడే కొన్నాళ్లకు కాజీపేట దగ్గర డ్రంకెన్ డ్రైవ్‌లో దొరుకుతాడు. ఇలాంటివాళ్లను ఏం చేయాలని ఎవర్ని అడిగినా వచ్చే జవాబు ఒకటే: లైసెన్స్ పీకేయాలి. ఇన్సూరెన్స్‌తో దారికి తేవచ్చన్న మాట మన దగ్గర పెద్దగా వినపడదు.

లైసెన్స్ విషయంలో చట్టం గట్టిగానే ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత తాగి నడిపినా, ప్రమాదకరంగా తోలినా, చివరికి హెల్మెట్ లేకున్నా పోలీసులు లైసెన్స్ తీసుకుని ఆర్టీఏకి పంపొచ్చు. అక్కడ మన వాదన విన్నాక, మొదటి తప్పయితే మూడు నెలలు పక్కన పెట్టొచ్చు, రెండోసారైతే రద్దే చేయొచ్చు. తాగి రెండోసారి దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అంతకుముందే, 2017 ఆగస్టులో తెలంగాణ, ఒక్కో తప్పుకి ఇన్ని అని పాయింట్లు వేసే పద్ధతి తెచ్చింది. 24 నెలల్లో 12 పాయింట్లు పడితే ఏడాది పాటు లైసెన్స్ సస్పెండ్ అని అప్పుడు పెట్టారు.

చిక్కంతా ఎక్కడంటే, కెమెరాకి దొరికేది బండి నంబరు, మనిషి కాదు. నయీంనగర్ హాస్టల్‌లో ఉండే కుర్రాడి బైక్ ఆర్సీ నర్సంపేటలోని నాన్న పేరు మీద ఉంటుంది. చలాన్ మెసేజ్ ఆయన ఫోన్‌కి పోతుంది. డిస్కౌంట్ ఎప్పుడిస్తారా అని ఆయన ఆగుతాడు. ఆగడంలో తప్పేముంది? బైక్‌ల పెండింగ్ చలాన్లకు 2022లో 75 శాతం, 2023 డిసెంబర్లో 80 శాతం తగ్గించింది ప్రభుత్వమే. కొడుకు లైసెన్స్ మాత్రం మచ్చ లేకుండా ఉంటుంది.

మరి దెబ్బ తగిలేది ఎవరికి? ఏనుమాముల మార్కెట్‌కి మిర్చి బస్తాలు తోలే డీసీఎం డ్రైవర్‌కి. మూడు నెలలు లైసెన్స్ లేదంటే ఓనర్ ఇంకొకర్ని పెట్టుకుంటాడు. తప్పు చేసినందుకే కదా అనొచ్చు, నిజమే. కానీ అదే తప్పు చేసిన బైక్ కుర్రాడు లైసెన్స్ పోయినా బండి తీస్తూనే ఉంటాడు. అలా నడిపితే 10,000 జరిమానా ఉంది, కాకపోతే ముందు దొరకాలి.

ఇక ఇన్సూరెన్స్. 2022లో ఖరారు చేసిన రేటు ప్రకారం 75 నుంచి 150 సీసీ బైక్‌కి థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే మన బండి గుద్దినవాళ్లకు పరిహారమిచ్చే పాలసీకి ఏటా కట్టేది, జీఎస్టీ కాక 714 రూపాయలు. బండి మీద ఇరవై చలాన్లున్నా అంతే, ఒక్కటీ లేకున్నా అంతే. ఉల్లంఘనలను బట్టి ప్రీమియం పెంచాలని 2021లో ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ వేసిన బృందం ప్రతిపాదించింది. ఇందులో ఒక లాభముంది: డబ్బు కట్టేది నాన్న కాబట్టి, తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలో ఆయనే చూసుకుంటాడు. నష్టమూ ఉంది. ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే మొదటిసారి జరిమానా 2,000. ప్రీమియం అది దాటితే, కట్టకపోవడమే నయమని లెక్కేసుకునేవాళ్లు బోలెడు.

అప్పుడు నష్టపోయేది గుద్దించుకున్నవాడి కుటుంబం. డ్రైవర్‌కి లైసెన్స్ లేకున్నా, బండికి పాలసీ ఉంటే చాలా కేసుల్లో ముందు బాధితులకు కంపెనీనే చెల్లించి, ఆ డబ్బు ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెబుతాయి. పాలసీ లేకపోతే ఆ పరిహారం కోసం వాళ్లే ఓనర్ చుట్టూ, కోర్టు చుట్టూ తిరగాలి.

లైసెన్స్‌నీ ఇన్సూరెన్స్‌నీ ముడేసిన పద్ధతి అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఉంది, పేరు ఎస్ఆర్-22. తాగి దొరికినవాడో, ఇన్సూరెన్స్ లేకుండా నడిపినవాడో లైసెన్స్ తిరిగి కావాలంటే, అతనికి పాలసీ ఉందని కంపెనీనే ప్రభుత్వానికి రాసివ్వాలి. సాధారణంగా మూడేళ్లు అలా నడవాలి. మధ్యలో పాలసీ ఆగిందా, కంపెనీ ఆ సంగతి చెప్పేస్తుంది, లైసెన్స్ మళ్లీ పోతుంది.

నా ఓటు దానికే. తాగి రెండోసారి దొరికినవాడిది రద్దు చేయాల్సిందే, అందులో బేరం లేదు. మిగతావాళ్లకు లైసెన్స్ తిరిగివ్వాలంటే రిఫ్రెషర్ ట్రైనింగ్ కావాలని మన చట్టంలో ఇప్పటికే ఉంది. దాని పక్కన పాలసీ కాగితం కూడా అడిగితే సరిపోతుంది.

అది వచ్చేదాకా, తమ్ముడి లైసెన్స్ సస్పెండ్ అయి బండి మీ పేరు మీద ఉంటే తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి. లైసెన్స్ లేనివాడికి బండి ఇస్తే ఓనర్‌కి కూడా 5,000 జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఎవరినైనా గుద్దితే కంపెనీ వసూలుకి వచ్చేది మీ ఇంటికే.