పొలం చరిత్రను పుస్తకంగా కట్టిచ్చే సర్వీసు: స్కానింగ్ భేష్, పటం పేలవం

తరాలుగా ఒకే కుటుంబంలో ఉన్న పొలం కథను పాత దస్తావేజులు, ఫొటోలు, పెద్దల మాటల నుంచి పుస్తకంగా చేసిచ్చే సర్వీసు ఇది. స్కానింగ్‌కు మంచి మార్కులే ఇవ్వాలి. కాగితాలకు 400 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలని లెక్క), చిన్న ఫొటోలకు 600, అసలు ఫైళ్లు నాణ్యత తగ్గకుండా దాచే టిఫ్ రకంలో. మడతల దగ్గర చిరుగుపట్టిన దస్తావేజును రోలర్ మెషిన్‌లోకి తోయకుండా పైనుంచి కెమెరాతో తీశారు. రోలర్‌లో పెడితే ఆ మడత దగ్గరే రెండు ముక్కలవుతుంది. ఫొటోల వెనక వైపూ స్కాన్ చేశారు. పేరూ, సంవత్సరమూ రాసి ఉండేది అక్కడే కదా!

ఒరిజినల్స్ మాత్రం పీవీసీ అనే ప్లాస్టిక్ కవర్లలో తిరిగిచ్చారు. ఇది పెద్ద తప్పు. పీవీసీ కాలం గడిచేకొద్దీ ఆమ్లం వదులుతుంది, ఫొటో పూత దానికి అతుక్కుపోతుంది. పాలిస్టర్ కవర్లు అడిగి తీసుకోండి. లామినేషన్‌కు అసలే ఒప్పుకోవద్దు, ఒకసారి వేడికి అంటుకుంటే కాగితం పాడవకుండా ఊడదు.

వంశవృక్షం చక్కగా ఉంది గానీ పొలానికి అది చాలదు. ఏ పొలం ముక్క ఎవరి వాటాకు వెళ్లింది, బావి ఎప్పుడు తవ్వారు, గట్టు ఎటు జరిగింది అన్నవి తరానికో పటంగా వేయాలి. వీళ్లు అన్నీ ఒకే పటంలో కుక్కారు. గీతల మీద గీతలు, ఏదీ తెలియదు. దస్తావేజులోని ఏడాదీ పెద్దలు చెప్పిందీ కలవనిచోట రెండూ అచ్చువేయమని ముందే రాతపూర్వకంగా చెప్పండి. లేకపోతే ఒకటి చడీచప్పుడు లేకుండా ఎగిరిపోతుంది.