నెల్లూరులో ‘టెస్టర్ పీస్’ సెంటు కొనేవాళ్లకు జాగ్రత్త

ట్రంకు రోడ్డు వైపు విదేశీ సెంట్లు అమ్మే ఒక షాపులో ఫ్రెంచి కంపెనీ హెర్మెస్ వాళ్ల ‘టెర్ ద హెర్మెస్’ సెంటు పేరుతో నాకు నకిలీ అంటగట్టారు. షాపు పేరు రాయను. మోసం చేసే పద్ధతి మాత్రం పూర్తిగా రాస్తాను, ఎందుకంటే ‘టెస్టర్ పీస్’ (కొనేవాళ్లు వాసన చూడటానికి షాపులో ఉంచే సీసా) అనే ఇదే మాట చెప్పి ఎవరైనా అమ్మొచ్చు.

ముందు అసలు సరుకు సంగతి. 2006లో జాన్ క్లోద్ ఎలెనా అనే ఫ్రెంచి సెంట్ల నిపుణుడు తయారుచేసిన సెంటు ఇది. కొట్టగానే నారింజ, గ్రేప్‌ఫ్రూట్ తొక్కల చురుకు తగులుతుంది. పొదలకూరు నిమ్మ మార్కెట్ చూసినవాళ్లకు అదేం వింత కాదు. పనితనమంతా ఆ తర్వాతే. మిరియాల ఘాటు, చెకుముకి రాయిని గుర్తుచేసే పొడి వాసన, వీటి అడుగున వట్టివేళ్లు, దేవదారు చెక్క. మన ఎండాకాలంలో వట్టివేళ్ల తడకల మీద నీళ్లు చల్లితే వచ్చే ఆ చల్లటి మట్టివాసన ఇందులో గంటల తరబడి నిలుస్తుంది. పుల్లటి సెంటు ఇంత లోతుగా ఉండటం అరుదు, డబ్బు పెట్టేది దానికే.

నకిలీవాళ్లకు అనుకూలమైనది పైనున్న ఆ పులుపు. నిమ్మ జాతి తొక్కల నూనెలో ఎక్కువ భాగం లిమోనీన్ అనే వాసన పదార్థం. జ్యూస్ తీశాక మిగిలే తొక్కల నుంచి అది బోలెడంత వస్తుంది, కాబట్టి చవక. త్వరగా ఆవిరైపోతుంది కూడా. కౌంటర్ దగ్గర అట్టముక్క మీద కొట్టి వెంటనే ముక్కు దగ్గర పెడితే అసలుకీ నకిలీకీ తేడా పట్టుకోవడం కష్టం. షాపువాడికి కావలసింది ఆ మొదటి పది నిమిషాలే. నాకిచ్చిన సీసాలో అరగంట తర్వాత మిగిలింది స్పిరిట్టూ, బాత్రూం కడిగే లిక్విడ్ వాసనా. మెడ మీద దురద ఉచితం.

“ఎయిర్‌పోర్టు సరుకన్నా, టెస్టర్ పీసు, అందుకే డబ్బా రాదు” అన్నారు. ఈ ఒక్క మాట చాలు అనుమానించడానికి. దిగుమతి చేసినవాళ్ల పేరు, అడ్రసు, నెల, ఎమ్మార్పీ ఉండేది డబ్బా మీదే. డబ్బా లేదంటే మనం చూసుకోవడానికి ఏమీ మిగలదు. డబ్బా ఇచ్చినా దాని మీద బ్యాచ్ కోడూ, సీసా అడుగున కోడూ ఒకటేనేమో చూడండి. అన్నట్టు, అసలు సరుకైనా ఎండ పడే షోకేసులో పెట్టినది వద్దు. ఎండకూ వేడికీ ముందు పాడయ్యేది ఈ పులుపే.

వెనక్కి తీసుకెళ్తే, “ఏందన్నా, మీ వొంటి చెమటకి అట్టా మారుద్ది” అన్నారు. చర్మాన్ని బట్టి కొంత తేడా వస్తుంది, నిజమే. మరి అట్టముక్క మీద కూడా అట్టాగే చచ్చిపోయింది కదా, దానికి చెమట ఎక్కడిది?

బిల్లు అడిగితే తెల్ల చీటీ మీద అంకె వేసిచ్చారు. బిల్లు ఇవ్వకపోవడం, బిల్లులో గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపు లోపమున్న సరుకు వెనక్కి తీసుకోకపోవడం, రెండూ 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పే. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు.

ఇలాంటి సీసా ఇప్పటికే కొన్నవాళ్లు కోపంలో పారేయకండి. సీసా, చీటీ, యూపీఐలో డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. నేనూ చేశాను.