మా ఇంటి స్మోక్ అలారంలో ఉన్న అమెరీషియం

హాలుకీ పడకగదికీ మధ్య పైకప్పుకి అయొనైజేషన్ రకం స్మోక్ అలారం బిగించి ఆరు నెలలైంది. బిగించే ముందు తిప్పి చూస్తే వెనక చిన్న అక్షరాల్లో అమెరీషియం-241 అనే మూలకం పేరూ, పక్కనే మూడు రెక్కల రేడియోధార్మికత గుర్తూ ఉన్నాయి. "పిల్లలున్న ఇంట్లో ఇదేంటండీ?" అని మా ఆవిడ టెన్షన్ పడింది.

లోపల ఉన్నది గ్రామును కోటి భాగాలు చేస్తే అందులో మూడు భాగాలంత. దాన్నుంచి వచ్చే ఆల్ఫా కణాలు కొన్ని సెంటీమీటర్ల గాలిలోనే ఆగిపోతాయి, కాగితాన్ని కూడా దాటలేవు. విప్పి కెలకనంత వరకు భయం లేదు. ఆ కణాల వల్లే రెండు లోహపు పలకల మధ్య గాలి విద్యుదావేశమున్న కణాలుగా, అంటే అయాన్లుగా మారి సన్నటి కరెంటు పారుతుంటుంది. పొగ దూరితే అయాన్లు పొగ రేణువులకు అంటుకుంటాయి, కరెంటు పడిపోతుంది, అలారం మోగుతుంది.

మొన్న కరెంటు పోయినప్పుడు అలమర మీద పెట్టిన కొవ్వొత్తిని ఊదాను. సన్నటి పొగ పాయ ఒకటి మెలికలు తిరుగుతూ పైకి లేచింది. నాలుగైదు సెకన్లలో ఇల్లంతా హోరు! ఆ క్షణం నాకు నిజంగా ఒళ్లు పులకరించింది.

ఎందుకంటే ఈ మూలకాన్ని మనుషులే తయారుచేశారు. 1944లో షికాగో విశ్వవిద్యాలయపు మెటలర్జికల్ ల్యాబొరేటరీలో గ్లెన్ సీబోర్గ్, రాల్ఫ్ జేమ్స్, లియాన్ మోర్గాన్, ఆల్బర్ట్ గియోర్సో రియాక్టర్లో ప్లుటోనియం మీద న్యూట్రాన్లు పడేలా చేసి దీన్ని పట్టుకున్నారు. క్యూరియం అనే మరో మూలకం నుంచి దీన్ని విడదీయడం ఎంత నరకమైందంటే, వాళ్లలో వాళ్లు ఈ రెంటినీ 'పాండెమోనియం' (గందరగోళం), 'డెలీరియం' (మతిభ్రమణం) అని పిలుచుకున్నారు. యుద్ధకాలపు రహస్యం కావడంతో బయటపెట్టలేదు. 1945 నవంబర్ 11న పిల్లల రేడియో కార్యక్రమంలో ఓ అబ్బాయి కొత్త మూలకాలేమైనా దొరికాయా అని అడిగితే, సీబోర్గ్ అక్కడే చెప్పేశారు.

లోపాలూ ఉన్నాయి. స్నానాల గది ఆవిరికి రెండుసార్లు ఊరికే మోగింది. మంట లేకుండా నెమ్మదిగా రాజుకునే నిప్పును ఈ రకం ఆలస్యంగా పసిగడుతుంది, అందుకే పడకగదికి వెలుతురు సాయంతో పొగను పసిగట్టే ఫోటోఎలక్ట్రిక్ రకం వేరే తీసుకుంటున్నాను. నాకు బాగా కోపం తెప్పించింది మాత్రం దీంతో వచ్చిన కాగితం. పాతబడ్డాక ఎక్కడ అప్పగించాలో అందులో ఒక్క ముక్క లేదు. అమెరీషియం అర్ధాయువు, అంటే అది సగానికి తరగడానికి పట్టే కాలం, 432 ఏళ్లు, అలారాన్ని మాత్రం పదేళ్లకే మార్చాలి. బిగించిన తేదీని మార్కర్‌తో దాని అంచున రాసి పెట్టాను.