బాత్రూం తూములో జుట్టు లాగే ముళ్ళ పట్టీ, ఎనిమిది నెలలు వాడిన తరువాత

మా బాత్రూంలో నీళ్ళు నెమ్మదిగా దిగడం డిసెంబరు నుంచే గమనిస్తున్నా, భోగి నాడు ఇంటిల్లిపాదీ తలంటు పోసుకున్నాక గానీ దాని తీవ్రత నాకు తెలిసిరాలేదు. చీలమండలు మునిగేంత నీరు నిలిచి, దాని మీద సున్నిపిండి, నూనె కలిసి తెట్టులా తేలుతుంటే, డెబ్భై దాటిన మా అమ్మ ఎక్కడ కాలు జారుతుందోనని గోడ పట్టుకుని ఒక్కొక్క అడుగే వేసుకుంటూ బయటకు వచ్చింది. ఆమెను ఆ స్థితిలో చూశాక ఈ పనిని మరొక్క రోజు కూడా వాయిదా వేయకూడదనుకున్నాను. చివరకు మా ఇబ్బంది తీర్చినది ఆన్‌లైన్‌లో 140 రూపాయలకు కొన్న ఐదు ప్లాస్టిక్ పట్టీల ప్యాకెట్టు.

ఒక్కొక్క పట్టీ సుమారు 50 సెంటీమీటర్ల పొడవు, చిటికెన వేలికన్నా తక్కువ వెడల్పు ఉంటుంది. రెండు అంచుల పొడవునా వెనక్కి వాలిన ముళ్ళు, పై చివర వేలు దూర్చి పట్టుకోవడానికి ఒక ఉంగరం ఉంటాయి. లోపలికి నెట్టేటప్పుడు ముళ్ళు అడ్డురావు, పైకి లాగేటప్పుడు మాత్రం దారిలో తగిలిన వెంట్రుకలన్నింటినీ పట్టుకుంటాయి. ఇందులో ఉన్న ఉపాయం అంతే.

పట్టీ కొనకముందు నేను కూడా చాలామంది లాగే కిరాణా కొట్లో దొరికే తూము శుభ్రపరిచే పొడి తెచ్చి, రెండు రాత్రులు రెండు ప్యాకెట్లు పోశాను. అందులో ప్రధానంగా ఉండేది కాస్టిక్ సోడా. అది నూనె జిడ్డును సబ్బుగా మారుస్తుంది, వెంట్రుకలను కూడా కరిగించగలదు; కానీ ముందే నీళ్ళు నిలిచి ఉన్న తూములో పోస్తే దాని ఘాటు నీళ్ళలో కలిసి పలచబడుతుంది, గట్టిగా చుట్టుకున్న జుట్టు ఉండలో పైపొర మాత్రమే కాస్త మెత్తబడుతుంది. తగినన్ని నీళ్ళు పోసి కడగకపోతే పొడి అడుగున రాయిలా గట్టిపడి, ఉన్న అడ్డుకు మరొకటి తోడవుతుంది. పొడి పని చేయలేదని దాని మీద బాత్రూం యాసిడ్ పోసేవారిని కూడా చూశాను. దయచేసి ఆ పని ఎవరూ చేయవద్దు. ఆ రెండూ కలిస్తే విపరీతమైన వేడి పుట్టి ముఖం మీదకు చిందుతుంది; అదే యాసిడ్ బ్లీచింగ్ పౌడరుతో కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది, తలుపు మూసి ఉన్న చిన్న బాత్రూంలో అది ప్రాణాపాయం. వంటసోడా, వెనిగర్ కలిపి పోసే చిట్కాలో నురగ బాగా పొంగుతుంది గానీ, ఒకదాని గుణాన్ని మరొకటి చంపేస్తుంది కాబట్టి జుట్టు ఉన్నచోటే ఉంటుంది.

అసలు మన ఇళ్ళలో తూము పూడుకుపోయే తీరును చూస్తే ఈ పట్టీ విలువ తెలుస్తుంది. మా అపార్ట్‌మెంటులో వచ్చేవి బోరు నీళ్ళు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి నీటిలో కరగని తెల్లని తెట్టుగా మారతాయి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది కనుక చలికాలపు ఉదయాల్లో గొట్టంలోనూ పేరుకుంటుంది. వీటికి కుంకుడుకాయ పిప్పి, సీకాయ పొడి, సున్నిపిండి తోడై, అన్నీ కలిసి జుట్టుకు పట్టుకుంటాయి. జుట్టే లేకపోతే వీటిలో చాలా భాగం నీళ్ళతో పాటు కొట్టుకుపోయేది.

ప్లంబర్లు నాని ట్రాప్ అని పిలిచే గిన్నె మన బాత్రూం జాలీల కింద ఉంటుంది. మురుగు వాసన, బొద్దింకలు పైకి రాకుండా ఆ గిన్నెలో ఎప్పుడూ కనీసం 50 మిల్లీమీటర్ల లోతున నీరు నిలిచి ఉండాలి. ప్యాకెట్టు మీది బొమ్మలో చూపినట్టు జాలీ రంధ్రంలోంచి పట్టీని నేరుగా దింపితే అది గిన్నె అడుగుకు తగిలి ఆగిపోతుంది. మొదటిరోజు నాకు అలాగే జరిగి, డబ్బు వృథా అయిందనుకున్నాను. తరువాత జాలీని స్క్రూడ్రైవరుతో లేపి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, గిన్నె పక్కన గొట్టం మొదలయ్యే వంపులోకి పట్టీని ఏటవాలుగా పోనిచ్చి, నాలుగైదుసార్లు అటూ ఇటూ తిప్పి నెమ్మదిగా లాగాను. మొదట బరువుగా అనిపించింది, ఆ తరువాత ఒక్కసారిగా వదులైంది. బూడిదరంగు జడపాయలా, జానెడు పొడవున, జిగురు కారుతూ ఒక ముద్ద బయటకు వచ్చింది. దాన్ని పాత పేపరు మీద విప్పి చూస్తే మధ్యలో రెండు బొట్టుబిళ్ళలు, ఒక పిన్నీసు, షాంపూ ప్యాకెట్టు చింపినప్పుడు ఊడిన మూలముక్కలు మూడు కనిపించాయి. ఆ మూలముక్కలు వంపులో అడ్డంగా నిలబడి జుట్టును పట్టి ఆపుతాయని నాకు అంతవరకు తెలియదు.

అడ్డు తీయకముందు ఒక బకెట్టు నీళ్ళు పోస్తే పూర్తిగా దిగడానికి పన్నెండు నిమిషాలు పట్టేది. తీసిన తరువాత అదే బకెట్టు నిమిషంన్నరలో దిగిపోయింది. జిడ్డు కోసం చివర్లో వేడినీళ్ళు పోశాను గానీ మరిగే నీళ్ళు పోయలేదు, ఎందుకంటే పీవీసీ గొట్టాలు, వాటి అతుకులు అంత వేడికి మెత్తబడతాయి.

ఇక లోపాల విషయానికి వస్తే, ముళ్ళలో చిక్కుకున్న వెంట్రుకలను విడదీయడం అడ్డు తీయడం కన్నా ఎక్కువ సమయం తీసుకునే పని. పాత టూత్‌బ్రష్‌తో గీకినా కొన్ని మిగిలే ఉంటాయి. రెండవసారి వాడినప్పుడు నేను తొందరపడి గట్టిగా గుంజడంతో పట్టీ మధ్యలో విరిగింది. ముక్క గొట్టంలోకి జారిపోకుండా పట్టకారుతో అందుకోగలిగాను. ఆ ముక్క లోపల ఉండిపోయి ఉంటే కొత్త అడ్డును నేనే తెచ్చిపెట్టినట్టయ్యేది, కాబట్టి ప్లాస్టిక్ మరికొంచెం మందంగా ఉండవలసింది. వంపు మరీ బిగువుగా ఉన్నచోట పట్టీ తిరగదు. అటువంటప్పుడు దాన్ని రెండు నిమిషాలు వేడినీళ్ళలో ఉంచితే కొంత మెత్తబడి లోపలికి వెళ్తుంది.

ఒక అడుగుకు మించి లోతున ఉన్న అడ్డుకు ఇది పనికిరాదు, దానికి కొక్కెం ఉన్న పొడవాటి స్ప్రింగు వైరు కావాలి. బాత్రూంతో పాటు వంటింటి సింకులోనూ, పక్క ఫ్లాటులోనూ ఒకేసారి నీళ్ళు నిలిస్తే తప్పు మీ తూములో లేదు, కింద ఛాంబరులోనో అందరికీ కలిసిన గొట్టంలోనో ఉంది. అప్పుడు ప్లంబరును పిలవడమే మంచిది. మరొక మాట, నీళ్ళు త్వరగా పోతాయని కొందరు ట్రాప్ లోపలి గంట ఆకారపు మూతను తీసి పారేస్తారు. అది లేకపోతే నీటి అడ్డు పోయి, మురుగు వాసన నేరుగా ఇంట్లోకి వస్తుంది. జుట్టు అడ్డు తీశాక ఆ మూతను కడిగి తిరిగి దాని స్థానంలో పెట్టాలి.

ఐదు పట్టీలలో ఇప్పటికి రెండే ఖర్చయ్యాయి. నెలకొకసారి, ఆదివారం తలస్నానాలు ముగిశాక జాలీ లేపి ఒకసారి లాగుతున్నాను, వచ్చే జుట్టు ఇప్పుడు పిడికెడు కూడా ఉండటం లేదు. షాంపూ ప్యాకెట్టు మూలలు వేయడానికి గోడకు ఒక చిన్న డబ్బా తగిలించాం. అమ్మ ఇప్పుడు గోడ పట్టుకోకుండానే బయటకు వస్తోంది.