రిమ్‌వరల్డ్ ఎండల బట్టలు: డస్టర్ ముందు మిగతావన్నీ దండగే (రివ్యూ)

కొత్త గ్రహం మీద కాలనీ కట్టి మనుషుల్ని బతికించుకునే వీడియో గేమ్ రిమ్‌వరల్డ్‌లో ఎడారి మ్యాప్ తీసుకున్నాక అందరూ ముందు గన్నులు, గోడలు, కరెంటు చూసుకుంటారు, బట్టల సంగతి ఎప్పుడో చివర్లో గుర్తొస్తుంది, అదీ ఎవడో ఒకడు పొలం మధ్యలో వడదెబ్బ తగిలి బోర్లా పడ్డాక. అందుకే ఈసారి గేమ్ మొత్తం కాకుండా, ఎండని తట్టుకోడానికి ఇచ్చిన బట్టల మీదే రివ్యూ రాస్తున్నా. ఆట 1.0 వచ్చింది 2018లో, ఆ తర్వాత డీఎల్‌సీలు (విడిగా కొనుక్కునే అదనపు ప్యాక్‌లు) వరసగా వచ్చాయి గానీ ఎండకి జవాబు మాత్రం ఇప్పటికీ అదే, డస్టర్ అనే పొడుగు కోటు, నెత్తిన కౌబాయ్ హ్యాట్.

ముందు లెక్క ఎలా పనిచేస్తుందో చెప్తా, ఇది తెలిస్తే సగం తలనొప్పి పోతుంది. మామూలు మనిషికి ఒంటి మీద ఏమీ లేకపోతే హాయిగా ఉండే టెంపరేచర్ 16 నుంచి 26 డిగ్రీలు. దానికి పైన ఇంకో 10 డిగ్రీలు అంటే 36 దాకా చిరాకు పడతాడు, మూడ్ పడిపోతుంది, కానీ ఒంటికి ఏం కాదు. 36 దాటిందా, ఇక వడదెబ్బ మెల్లగా ఎక్కడం మొదలు, ఎంత వేడి ఎక్కువుంటే అంత స్పీడ్‌గా ఎక్కుతుంది, ముదిరితే స్పృహ తప్పుతాడు, అక్కడి నుంచి ఎవరూ లోపలికి మోసుకెళ్లకపోతే ఇక అంతే సంగతులు. బట్టలు చేసే పని ఏంటంటే ఆ 26 అనే గీతని పైకి జరపడం. ఎంత పైకి అనేది మూడిటి మీద ఉంటుంది, ఒకటి ఏ రకం బట్ట, రెండోది దాన్ని దేంతో కుట్టారు, మూడోది ఎంత బాగా కుట్టారు (కింద లెక్కలన్నీ నార్మల్ క్వాలిటీవి).

మామూలు క్లాత్, అంటే పత్తి పండించి తీసేది, దానికి వేడి నంబర్ (ఎండని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 18. డస్టర్ అందులో 85 శాతం తీసుకుంటుంది కాబట్టి 15.3 డిగ్రీలు. కౌబాయ్ హ్యాట్ సగం తీసుకుంటుంది, ఇంకో 9. రెండూ కలిపితే 26 కాస్తా 50.3 అయిపోయింది! పైన ఆ 10 కలుపుకుంటే 60 దాకా మనోడు పోడు. ఒక కోటు, ఒక టోపీ, అదీ పొలంలో పండిన పత్తితో. ఒక్క డస్టర్‌కి 80 క్లాత్ పడుతుంది, మొదట్లో కొంచెం ఎక్కువే అనిపిస్తుంది కానీ ఆ 80 క్లాత్‌తో రెండు టీషర్టులు కుట్టడం కన్నా ఇది వంద రెట్లు నయం, ఎందుకంటే టీషర్ట్ ఎండకి చేసేది దాదాపు ఏమీ లేదు. జాకెట్ చలికి పనికొస్తుంది గానీ ఎండకి డస్టర్ దరిదాపుల్లోకి కూడా రాదు. పార్కా, అంటే మందపాటి చలి కోటు, దాని సంగతి చెప్పక్కర్లేదు.

పార్కా అంటే గుర్తొచ్చింది, ఈ సిస్టమ్‌లో నాకు బొత్తిగా నచ్చనిది ఒకటుంది. మండుటెండలో ఒకడు దుప్పటంత మందం పార్కా వేసుకుని తిరిగితే ఏమవ్వాలి? ఉడికిపోవాలి కదా. ఇక్కడ ఏం కాదు, బట్టల్లేకుండా ఉన్నవాడికి ఎంత వేడో వీడికీ అంతే వేడి, ఎందుకంటే బట్టలకి ప్లస్సులే ఉన్నాయి, మైనస్సులు లేవు. పైగా ఎన్ని పొరలేస్తే అంత చల్లన అన్నట్టు లెక్క కూడుకుంటూ పోతుంది. ఎడారుల్లో ఉండేవాళ్లు నిజంగానే ఒళ్లంతా కప్పే వదులు బట్టలు వేసుకుంటారు, నీడ ఉంటుంది, గాలి ఆడుతుంది, ఆ మేరకి డస్టర్ ఐడియా కరెక్టే. కానీ మందం బట్టకి శిక్ష లేకపోవడం వల్ల ఎండాకాలం, చలికాలం బట్టలు మార్చే ఆలోచనే ఆటలో లేకుండా పోయింది.

ఇక మెటీరియల్ దగ్గరికొస్తే అసలు మజా ఇక్కడే. డెవిల్‌స్ట్రాండ్ అని పొలంలో పండించే ఒక పుట్టగొడుగు నుంచి తీసే బట్ట ఉంది, దానికి వేడి నంబర్ 24, అంటే అదే డస్టర్, అదే హ్యాట్ దాంతో కుడితే 58.4 దాకా హాయి, 68 దాకా బతుకు. దీనికి అవసరం ఎక్కడ పడుతుంది అంటే హీట్ వేవ్ వచ్చినప్పుడు. ఆ ఈవెంట్ ఉన్న టెంపరేచర్ మీద ఏకంగా 17 డిగ్రీలు ఎక్కిస్తుంది, మధ్యాహ్నం 48 ఉండే మ్యాప్ 65 అవుతుంది, అప్పుడు కోటు టోపీ మాత్రమే లెక్కేస్తే క్లాత్ వాళ్లు మెల్లగా పడిపోతుంటారు, డెవిల్‌స్ట్రాండ్ వాళ్లు తిట్టుకుంటూ అయినా పని చేస్తుంటారు. పైగా బుల్లెట్లకీ మంటలకీ క్లాత్ కన్నా ఎన్నో రెట్లు గట్టిది. హైపర్‌వీవ్ అనే ఇంకో బట్ట 26తో ఇంకా పైన ఉంటుంది కానీ దాన్ని పండించలేం, ఎక్కువగా ట్రేడర్ తెస్తేనే.

కానీ డెవిల్‌స్ట్రాండ్ అంత తేలిగ్గా రాదు, ఓపిక కావాలి. రీసెర్చ్ చేయాలి, నాటేవాడికి ప్లాంట్స్ స్కిల్ 10 ఉండాలి, పెరగడానికి 22.5 రోజులు అని రాసుంటుంది కానీ రాత్రిళ్లు మొక్కలు పెరగవు కాబట్టి చేతికొచ్చేసరికి అంతకన్నా చాలా ఎక్కువ పడుతుంది, ఆటలో ఏడాది అంటేనే 60 రోజులు అది గుర్తుపెట్టుకోండి. పత్తికి 8 రోజులే. పైగా ఎక్స్‌ట్రీమ్ డెజర్ట్‌లో మట్టి ఉన్న నేలే అక్కడక్కడా కాస్త, అది తిండికే చాలదు, హైడ్రోపోనిక్స్‌లో (మట్టి లేకుండా మొక్కలు పెంచే తొట్లలో) ఇది నాటనివ్వరు, ఎండ మరీ ముదిరితే మొక్కల పెరుగుదల కూడా ఆగిపోతుంది. కాబట్టి నా సలహా, ముందు అందరికీ క్లాత్ డస్టర్ కుట్టేయండి, డెవిల్‌స్ట్రాండ్ వచ్చాక ఫైటర్లకి మార్చండి, ఇంట్లో కూర్చుని రీసెర్చ్ చేసేవాడికి కూలర్ ఉంది కదా. వేటలో ఒంటె దొరికితే ఆ తోలు కూడా ఎండకి బాగానే పనికొస్తుంది, పారేయకండి. ఉన్ని మాత్రం ఎడారిలో డస్టర్‌కి వాడొద్దు, అది చలి సరుకు.

ట్రైబల్ స్టార్ట్, అంటే ఆధునిక టెక్నాలజీ లేని తెగగా ఆట మొదలుపెట్టడం, అది తీసుకున్నవాళ్లకి మొదట్లోనే డస్టర్ రాదు, కాంప్లెక్స్ క్లోతింగ్ రీసెర్చ్ అవ్వాలి, అప్పటిదాకా ట్రైబల్‌వేర్‌తో నెట్టుకురావాలి, అది మరీ తీసిపారేసేది కాదు, ఒళ్లంతా కప్పుతుంది.

కవచం విషయంలో ఒక చిక్కుంది. ఫ్లాక్ జాకెట్, డస్టర్ రెండూ పై పొరే, కాబట్టి ఏదో ఒకటే. ఫ్లాక్ వెస్ట్ మధ్య పొర కాబట్టి డస్టర్ లోపల పడుతుంది, అందుకే ఎడారిలో షర్టు, వెస్ట్, డస్టర్ కాంబినేషన్‌కి తిరుగులేదు. తల దగ్గర మాత్రం హెల్మెట్టా హ్యాటా అని నిజంగా ఆలోచించాలి, రెండూ ఒకేసారి కుదరవు, హ్యాట్ తీస్తే క్లాత్ లెక్కలో ఆ 9 డిగ్రీలు పోయినట్టే. ఈ మొత్తం బట్టల సిస్టమ్‌లో బుర్ర పెట్టాల్సిన చోటు ఇదొక్కటే అనిపిస్తుంది నాకు, మిగతా అంతా కళ్లు మూసుకుని డస్టర్ కుట్టడమే.

తేరగా బట్టలు కావాలంటే మన మీద దాడికొచ్చే రైడర్లున్నారు. ఎడారి మీదకి వచ్చేవాళ్లలో చాలామంది డస్టర్లతోనే దిగుతారు, కాకపోతే చచ్చినవాడి ఒంటి మీంచి తీసింది వేసుకుంటే మనోళ్లకి మూడ్ పోతుంది. పడిపోయి ఇంకా ఊపిరి ఉన్నప్పుడే స్ట్రిప్ (బట్టలు విప్పించే ఆర్డర్) కొట్టేయండి, అప్పుడు ఆ గొడవ ఉండదు. దుర్మార్గమే, కానీ కోటు కోటే.

ఇంటర్‌ఫేస్‌కి మాత్రం మార్కులు వేయను. పైన చెప్పిన నంబర్లన్నీ చిన్న ఐ బటన్ నొక్కి లోపలికి వెళ్తేనే కనిపిస్తాయి, కుట్టు బల్ల దగ్గర బిల్ (ఏం కుట్టాలో చెప్పే ఆర్డర్) పెట్టేటప్పుడు ఏ మెటీరియల్ ఎండకి మంచిదో పక్కపక్కన చూపించే ఏర్పాటే లేదు. మెటీరియల్ ఫిల్టర్ సరిచేయకపోతే దర్జీ ఏది దగ్గరుంటే అది తీసుకుని కుట్టేస్తాడు. అసైన్ ట్యాబ్‌లో అపారెల్ పాలసీ (ఎవరు ఏ బట్టలు వేసుకోవాలో చెప్పే లిస్ట్) కూడా సొంతంగా పెట్టుకోవాల్సిందే, కండిషన్ 51 శాతం కన్నా తక్కువ ఉన్నవి, శవాల మీంచి తీసినవి వద్దు అని పెట్టేస్తే చిరుగుల గోల తప్పుతుంది.

న్యూడిస్ట్ ట్రెయిట్, అంటే బట్టల్లేకుండా ఉంటేనే హాయి అనుకునే స్వభావం, అది ఉన్నవాడు దొరికితే వాడికి కోటు తొడిగారా, మూడ్ పోయినట్టే. కానీ టోపీని వాడు బట్ట కింద లెక్కవేయడు, కాబట్టి ఒంటి మీద ఏమీ లేకుండా కౌబాయ్ హ్యాట్ ఒక్కటే పెట్టుకుని 35 డిగ్రీల దాకా హ్యాపీగా తిరుగుతాడు.

బయోటెక్ డీఎల్‌సీ (ఆటలో పిల్లల్ని తెచ్చింది) ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. పిల్లలకి వేరే బట్టలు, వాటిలో పిల్లల పార్కా ఉంది, షర్టు ఉంది, ప్యాంటు ఉంది, ట్రైబల్‌వేర్ కూడా ఉంది, డస్టర్ మాత్రం లేదు. చలికి ఇచ్చి ఎండకి ఇవ్వకపోవడం ఏం లాజిక్కో. హీట్ వేవ్ నడుస్తున్నన్నాళ్లూ పిల్లలకి ఒక ఏరియా గీసి కూలర్ ఉన్న గదుల్లోనే కట్టేయాలి, క్లాస్‌రూమ్ కూడా ఆ గదుల్లోనే పెట్టుకోండి.