మెనూనా, టీఈఓనా? ఖాళీ ప్రాసెసర్‌ని ఎవరి చేతిలో పెట్టాలి

ప్రాసెసర్‌కి పని లేని ప్రతిసారీ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ ఒక నిర్ణయం తీసుకోవాలి. కాసేపు కునుకు తీయనివ్వాలా, గాఢనిద్రలోకి పంపాలా? కునుకైతే వెంటనే లేస్తుంది, కానీ కరెంటు పెద్దగా మిగలదు. గాఢనిద్రలో కరెంటు బాగా మిగులుతుంది, లేవడమే ఆలస్యం. లాప్‌టాప్, డెస్క్‌టాప్‌లలోని ఇంటెల్ స్కైలేక్ చిప్‌లకు కెర్నల్‌లో రాసి ఉన్న లెక్క చూడండి: సీ1 అనే కునుకు నుంచి లేవడానికి 2 మైక్రోసెకన్లు, సీ6 అనే గాఢనిద్ర నుంచి 85. పైగా సీ6లో కనీసం 200 మైక్రోసెకన్లు ఉంటేనే గిట్టుబాటు. ఆలోపే ఏ ఇంటరప్టో (ఏదైనా పరికరం నుంచి ప్రాసెసర్‌కి వచ్చే పిలుపు) వచ్చి లేపేస్తే, నిద్రలోకి వెళ్లి రావడానికి అయిన ఖర్చంతా దండగే.

అంటే ఖాళీ ఎంతసేపు దొరుకుతుందో ముందే పసిగట్టాలి. ఆ పని కెర్నల్‌లో గవర్నర్ అనే భాగానిది. మెనూ, టీఈఓ అలాంటి గవర్నర్లే. ల్యాడర్ అనే పాత గవర్నర్ మెట్టు మెట్టుగా దిగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు టిక్‌ని (క్రమం తప్పకుండా మోగే టైమర్‌ని) ఆపేసే ఇప్పటి కెర్నల్‌లో దాని అవసరం తక్కువ.

మెనూ తన పాత అంచనాలు ఎంతవరకు నిజమయ్యాయో చూసి కొత్త అంచనాను సవరిస్తుంది. చివరి 8 విరామాలు దాదాపు ఒకేలా ఉంటే ఆ లయను నమ్ముతుంది. 2019లో 5.1 కెర్నల్‌తో వచ్చిన టీఈఓ (టైమర్ ఈవెంట్స్ ఓరియెంటెడ్) దారి వేరు. టైమర్ మోగే దాకా నిద్ర సాగిందా, మధ్యలోనే ఎవరైనా లేపేశారా అని లెక్క పెట్టుకుంటుంది. మధ్యలో లేపేయడాలు ఎక్కువైతే లోతు తగ్గిస్తుంది.

రెండూ ఉన్న కెర్నల్‌లో మామూలుగా నడిచేది మెనూనే. లాప్‌టాప్‌లో దాన్ని మార్చనక్కర్లేదని నా అభిప్రాయం. నెట్‌వర్క్ ఇంటరప్ట్‌లు ఎడాపెడా వచ్చే సర్వర్‌లో మాత్రం టీఈఓని తప్పకుండా పరీక్షించండి. దాని లెక్క సూటిగా ఉంటుంది, ఎక్కడ తప్పిందో అర్థమవుతుంది.

ఆలస్యం అవుతోందన్న టెన్షన్‌తో చాలామంది గాఢనిద్రలన్నీ మూసేసి సీ1 దగ్గరే ఆపేస్తారు. నాకు బాధ కలిగించేది ఇదే. ఖాళీ కోర్లు కూడా కరెంటు తింటూ కూర్చుంటే, పనిచేసే కోర్‌కి టర్బో వేగం, అంటే మామూలు కంటే ఎక్కువ వేగం, అందుకునే వీలు తగ్గుతుంది. ఆలస్యాన్ని ఓర్చుకోలేని ప్రోగ్రామ్ ఉంటే, అది నడిచినంతసేపే కెర్నల్‌కి గరిష్ఠ ఆలస్యం ఇంత అని చెప్పే వీలుంది.

గవర్నర్ మార్చే ముందు ఒక్క పని చేయండి. ప్రతి నిద్ర స్థితికీ సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ తన వివరాలను ఫైళ్లుగా చూపించే చోట) అబవ్, బిలో అనే రెండు లెక్కలు ఉంటాయి. అవసరానికి మించి లోతుకి వెళ్లిన సందర్భాలు మొదటిది, ఇంకా లోతుకి వెళ్లాల్సినవి రెండోది. మీ అసలు పని నడుస్తుండగా ఒక గంట మెనూతో, ఒక గంట టీఈఓతో వాటిని చూడండి. సీ6 దగ్గర అబవ్ ఏ గవర్నర్‌తో తక్కువ పెరిగిందో, బిలో కూడా అదుపులోనే ఉందో లేదో చూసి ఎంచుకోండి.